పసుపు గుడ్డ కట్టిన అరటిచెట్లు

జ్ఞానేశ్వరికి కుదురుగా కూర్చోవడం రాదు. కాలేజీలో పాఠం చెబుతూ బల్లకీ బోర్డుకీ మధ్య ఆవిడ తిరిగే తిరుగుడు లెక్కగడితే రోజూ గుణదల కొండ ఎక్కి దిగినంత అవుతుందని పిల్లలు వేళాకోళం చేసేవాళ్ళు. ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద పప్పు పెట్టి బట్టలు ఆరేయడానికి వెళ్తుంది. ఆరేస్తూ ఆరేస్తూ కుండీలకి నీళ్ళు పోయడం మొదలుపెడుతుంది. పప్పు మాడిన వాసన వచ్చాక పరుగున వస్తుంది. భర్త విశ్వేశ్వర్ ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే నెమ్మదస్తుడు. మాడిన పప్పునే కలుపుకు తినేసి, ఏమీ అనకుండా పేపరు తీసుకునే రకం.

ఆవిడ తండ్రి జానకిరామయ్య గారు మైలవరంలో లెక్కల మాస్టారు. కూతురి మీద ఆయనకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే, ఏదీ చివరంటా చేయదని. వీణ గీతాల దగ్గర ఆగిపోయింది. హిందీ పరీక్షలు ఇంకొక్కటి రాస్తే అయిపోతాయనగా విసుగొచ్చి మానేసింది. అల్లిన స్వెట్టరుకి ఇప్పటికీ ఒకటే చెయ్యి. బెజవాడ ఎండల్లో స్వెట్టరెందుకని ఎవరైనా అడిగితే, రెండో చెయ్యి అల్లకపోవడానికి కారణం అదేనని గడుసుగా జవాబు చెప్పేది. అన్నిటికన్నా పెద్దది పీహెచ్‌డీ. పెళ్ళయిన కొత్తలో చేరి వదిలేసింది. నలభై దాటాక మళ్ళీ చేరింది. మాస్టారు మంచాన పడ్డాక ఒకరోజు కూతుర్ని దగ్గరికి పిలిచి, "ఇదైనా పూర్తి చెయ్యవే" అన్నారు. ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నారు, కానీ ఆవిడకి అది ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఈసారి ఆవిడ ఎంచుకున్నది అరటి దూట. పెరుగు పచ్చడి చేసుకునే దూటే. అరటిచెట్టు మొదట్లో అన్నీ పొరలే, నడుమ ఏమీ ఉండదు. పువ్వు వేసే వేళ దగ్గరపడుతుంటే అడుగున ఉన్న దుంపలోంచి అసలు కాండం పొరల మధ్యగా పైకి తోసుకొస్తుంది. అదే దూట. అప్పుడు తెల్లగా, గోటితో గిచ్చితే నీరు కారేంత లేతగా ఉంటుంది. గెల పడ్డాక ఆ కాండమే మోతకూలీ. చక్కెరంతా తన మీదుగా గెలకి పోతుంటే తాను మాత్రం పీచు కట్టి, గట్టిపడి, వగరెక్కుతుంది. ఏ దశలో ఏది ఎంత పెరుగుతుంది, ఏది తరుగుతుంది అన్నదే జ్ఞానేశ్వరి తేల్చాలనుకున్నది. లేత దశవీ, పువ్వు దశవీ పరీక్షలు అయిపోయాయి. గెల కోతకి వచ్చిన దశ ఒక్కటే మిగిలింది.

అదీ ఈ మాఘంలోనే చేయాలి. గైడు రామకోటేశ్వరరావు గారు వేసవిలో రిటైరవుతున్నారు. యూనివర్సిటీ వాళ్ళు ఇక గడువు పెంచేది లేదని ముందే చెప్పేశారు. ఈ కోత తప్పితే ఇంకో గైడుని వెతుక్కుని, మళ్ళీ పేరు నమోదు చేసుకుని, మొదట్నుంచీ రావాలి.

తోట చల్లపల్లి అవతల, కృష్ణ ఒడ్డున లంకలో ఉంది. రత్తయ్య గారిది. ఆయన మనవరాలు భానుశ్రీ జ్ఞానేశ్వరి దగ్గర డిగ్రీ చదివింది. "మా తాతయ్యకి కర్పూర చక్కెరకేళి తోటుంది మేడమ్, రండి" అని ఆ అమ్మాయే తీసుకెళ్ళింది. మొదటి దశ దూటలు కోసినప్పుడు భాను పక్కనే ఉండి, ముక్కలు కోసీ కోయగానే ఐసు పెట్టెలో పడేసేది. ఎందుకు మేడమ్ అంత తొందర అంటే, "కోసిన దూట తాను చచ్చిపోయిందని అనుకోదమ్మా. బతికే ఉన్నాననుకుని తన చక్కెర తానే తింటుంది. వగరు పెంచుకుంటుంది, నల్లబడుతుంది. మనకి కావలసింది చెట్టులో ఉన్నప్పటి లెక్క. ఐసులో పడితేనే అది అక్కడ ఆగుతుంది" అని జ్ఞానేశ్వరి చెప్పింది. "మా నాయనమ్మ మజ్జిగలో వేస్తుందే, అట్టాగా?" అంది భాను. "సగం అట్టాగే" అంది ఈవిడ.

ఏ చెట్టు ఏ దశదో తెలియడానికి జ్ఞానేశ్వరి రిబ్బన్లు కట్టేది. లేతవాటికి ఆకుపచ్చ, పువ్వు వేసినవాటికి ఎరుపు, గెల ముదిరేవాటికి పసుపు. పండు రంగు కదా అని పసుపు. అంతకు మించి ఆలోచించలేదు. పోయిన నెలలో వచ్చినప్పుడు తోటంతా తిరిగి, గాలికి ఆకు చిరగని, గెల నిండుగా ఉన్న చెట్లు ఐదు ఏరుకుని పసుపు రిబ్బన్లు కట్టింది. పక్కన నిలబడి చూస్తున్న రత్తయ్యతో, "వీటిని ఎవరినీ ముట్టుకోనివ్వకండి రత్తయ్య గారూ. మీ పెళ్ళి పనులు మీరు చూసుకోండి. పెళ్ళినాటికి నేనే వస్తాను" అంది. రత్తయ్య ఆ ఐదు చెట్లనీ పైనుంచి కిందకి చూసి, కళ్ళు చెమర్చినవాడిలా తలూపాడు. అరటిచెట్లకి కళ్ళు చెమర్చడమేమిటో అప్పుడు ఆవిడకి అర్థం కాలేదు. బస్సు పోతుందన్న హడావిడిలో అడగనూ లేదు.

పెళ్ళి భానుశ్రీదే. చల్లపల్లిలో కల్యాణ మండపం, పగటి ముహూర్తం. జ్ఞానేశ్వరి లెక్క ప్రకారం పనిలో పని. పొద్దున్నే లంకకి వెళ్ళి దూటలు కోసుకోవడం, ఐసు పెట్టెలో సర్దుకోవడం, మండపం దగ్గర ఆగి నాలుగు అక్షింతలు వేసి వెనక్కి రావడం. పట్టుచీర కట్టుకుని, ఒక చేతిలో థర్మోకోల్ పెట్టె, ఇంకో చేతిలో కత్తి చుట్టిన సంచీతో అవనిగడ్డ బస్సెక్కింది. దారి పొడుగునా మంచు తెరలింకా పోలేదు. కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేక ఉయ్యూరు దాకా నిలబడే ఉంది. పక్కావిడ జాలిపడి, "కాళ్ళ నొప్పులా అమ్మా, కూర్చుంటే లేవలేరా?" అని అడిగింది.

తోటలోకి వెళ్ళి చూస్తే చెట్లు లేవు.

అదివరకు కోయగా మిగిలిన ఆకుపచ్చవీ, ఎరుపువీ ఉన్నాయి. పసుపువి ఉండాల్సిన చోట మొదళ్ళు మాత్రమే ఉన్నాయి. నున్నగా నరికిన మొదళ్ళ నుంచి కారిన రసం ఎండి గోధుమరంగు చార కట్టింది. ఒక మొదలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి చూసింది. నరికి ఒక రాత్రి గడిచిపోయింది. గడ్డి కోసుకుంటున్న పక్క చేను ఆవిడ తలెత్తి, "పెళ్ళికి కొట్టుకెళ్ళారండీ, నిన్న సాయంత్రం ట్రాక్టర్లో. పందిరికి" అని చెప్పింది.

జ్ఞానేశ్వరి నోట వెంటనే వచ్చిన మాటలు పట్టుచీర కట్టుకున్న లెక్చరర్ అనదగ్గవి కావు. గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ గైడుకి ఫోను చేసింది.

ఆయన అంతా విని, "అయితే ఏమైందమ్మా? పందిట్లో ఉన్నాయిగా, తెచ్చుకో. తాజాగా కోసినవే అని రాసెయ్. చెట్టుకి నోరుందా, ఎగ్జామినర్‌కి దివ్యదృష్టి ఉందా?" అన్నారు.

"అది కాదండీ, ఒక రాత్రంతా..."

"నేను ఇంకెన్నాళ్ళుంటాను అమ్మాయ్? వచ్చే నెలాఖరుకి నా గదిలో ఇంకెవరో కూర్చుంటారు. రాసెయ్."

ఆటో మాట్లాడుకుని మండపానికి వెళ్తున్నంతసేపూ రత్తయ్యని ఎలా కడిగేయాలో నోట్లోనే వల్లించుకుంది. ముట్టుకోవద్దన్నానా లేదా? అంత స్పష్టంగా చెప్తే చెవిన పడలేదా? మండపం పెద్ద గేటుకి రెండు, లోపలి గుమ్మానికి రెండు, తన చెట్లు తలలు వంచుకుని నిలబడి ఉన్నాయి. గెలలు గెలల్లాగే ఉన్నాయి. పసుపు రిబ్బన్లు కూడా ఎవరూ విప్పలేదు. పైగా వాటికి కుంకుమ బొట్లు పెట్టారు.

నోరు తెరవబోతుండగానే రత్తయ్య ఎదురొచ్చాడు. తెల్ల పంచె, భుజాన జరీ కండువా. చుట్టూ బంధువులు. "ఇదిగో వచ్చారు! నేను చెప్పలా, ఈవిడే మా భాను మేడమ్ గారు. పోయిన నెల్లో బెజవాడ నుంచి పనిగట్టుకొచ్చి, తోటంతా తిరిగి, ఎక్కడా ఆకు చిరగని చెట్లు ఏరి, పెళ్ళికని పసుపు కట్టిపోయారు. మనలో మనకే ఆ పట్టింపు పోయింది. ఈ రోజుల్లో ఎవరండీ, సొంత మేనత్తలు కూడా కడతారా?" అంటున్నాడు.

అప్పటికి గాని జ్ఞానేశ్వరికి అర్థం కాలేదు. ఆ లంకల్లో శుభకార్యానికి అనుకున్న చెట్టుకి ముందే పసుపు గుడ్డ కడతారు. కట్టినవాళ్ళు ఆ ఇంటికి మంచి కోరి కట్టినట్టు. ఆ చెట్టు గెల ఇంకెవరూ కొయ్యరు, అమ్మరు. తాను చేసిందీ అచ్చంగా అదే. ముట్టుకోవద్దంది. పెళ్ళినాటికి వస్తానంది. ఇక ఆయన ఏమనుకోవాలి?

కడిగేద్దామని వల్లించుకున్న మాటలు ఇక పనికిరావు. కోపం మాత్రం పోలేదు. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియని కోపమైతే ఇంకా చేదుగా ఉంటుంది. ఆవిడ పెట్టెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ గేటు దగ్గరే నిలబడిపోయింది.

అంతలో పెళ్ళికూతురి కారు వచ్చింది. భానుశ్రీ దిగి, బాసికం సర్దుకుంటూ తలెత్తి చెట్లవైపు చూసింది. రిబ్బన్ మీద మార్కర్ పెన్నుతో రాసిన గుర్తు ఆ అమ్మాయికి తెలుసు. ఆ గుర్తులు రాయడం మొదలుపెట్టింది తనే. చూపు అక్కణ్ణుంచి థర్మోకోల్ పెట్టె మీదికీ, జ్ఞానేశ్వరి మొహం మీదికీ వచ్చింది. మేళం గట్టిగా వాయిస్తున్నారు. పెళ్ళికూతురు అడుగు ముందుకి వెయ్యలేదు.

"మేడమ్, ఇవి మీ ఆఖరి దశవి కదూ?" అంది. "తాతయ్యా, ఇవెందుకు కొట్టారు?"

ఏమైందమ్మా, ఏమైంది అంటూ బంధువులు మూగారు. గుమ్మానికి కట్టిన చెట్ల దగ్గర పెళ్ళికూతురు ఆగిపోవడం మంచిది కాదని వెనకనుంచి ఎవరో గొణిగారు.

జ్ఞానేశ్వరి జీవితంలో ఆలోచించకుండా చేసిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఇదొకటి. "ఆఖరి దశ ఏమిటే పిచ్చిపిల్లా? అవి వేరే చెట్లు. ఇవి నీ పెళ్ళికే కట్టాను. పద లోపలికి, ముహూర్తం దాటిపోతుంది" అంది. భుజం మీద చెయ్యేసి గేటు దాటించింది కూడా.

భాను నమ్మలేదు. ఆ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. కానీ మేళం ముందుకి కదిలింది, వెనకనుంచి జనం తోశారు, పెళ్ళికూతురు లోపలికి వెళ్ళిపోయింది.

పెళ్ళి జరిగినంతసేపూ జ్ఞానేశ్వరి కుర్చీలో కూర్చోలేదు. లోపలికి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేది, మళ్ళీ గేటు దగ్గర చెట్టు చుట్టూ తిరిగేది, పై పొర మీద చెయ్యి పెట్టి వేడి చూసేది. ఎండ ఎక్కుతోంది. లోపల దూట తన చక్కెర తాను తింటూ ఉంటుంది. పెట్టెలో ఐసు కరిగి అడుగునుంచి చుక్కలు కారుతున్నాయి. గేటు దగ్గరే నిలబడి ఉంది కదా అని ఎవరో పన్నీరు బుడ్డి చేతికిచ్చిపోయారు. వచ్చేవాళ్ళ మీద పన్నీరు చల్లుతూ, నవ్వుతూ, లోలోపల తన గడువు తలుచుకుని ఏడుస్తూ నిలబడింది.

భోజనాల దగ్గర రత్తయ్య భార్య రావమ్మ వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె. "వంటవాళ్ళ కూరలు మీరు తినలేరమ్మా. ఇది నేను తెల్లారే లేచి మీ కోసం చేశా" అంటూ విస్తట్లో వడ్డించింది. దూట పెరుగు పచ్చడి. ఆవపిండి ఘాటు, పైన కొత్తిమీర. "గుమ్మాలకి జతలే కట్టాలిగా, నాలుగు పోగా మీరు కట్టిన ఐదోది మిగిలింది. పసుపు కట్టిన చెట్టు అమ్ముకోకూడదు, పశువులకి వెయ్యకూడదు. మీకు దూటంటే ప్రాణమని, అందుకేగా ఇన్నాళ్ళూ మా తోట చుట్టూ తిరుగుతున్నారని, మీకే చేద్దామని చేశా."

దూట మీద ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న జ్ఞానేశ్వరి ఇంతవరకు దూట నోట పెట్టలేదు. వగరంటేనే ఆవిడకి పడదు. రావమ్మ ఎదురుగా నిలబడే ఉంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ముదిరిన దూట. ఎంత సన్నగా తరిగినా, ఎంత పీచు తీసినా, పంటికింద దారాలు మిగిలాయి. మజ్జిగలో నానబెట్టినా వగరు పూర్తిగా పోలేదు. పరీక్ష నాళికలో చూడాల్సిందంతా నాలుక మీద ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆవ ఘాటా అమ్మా?" అంది రావమ్మ.

"అవునండీ, బాగుంది" అంది జ్ఞానేశ్వరి.

అప్పగింతలయ్యాక చెట్లు దించారు. దూటలు కావాలని జ్ఞానేశ్వరి అడిగితే రత్తయ్య తానే పొరలు ఒలిచి నాలుగు దూటలూ ఇచ్చాడు. వాటిని కొత్త ఐసులో పెట్టుకుని సాయంత్రం బస్సుకి బెజవాడ తిరిగొచ్చింది. మర్నాడు సెలవు. కాలేజీ ల్యాబు తాళం తీయించుకుని పొద్దుణ్ణుంచీ ఒక్కతే పరీక్షలు చేసింది.

వగరు కొలిచే పరీక్షలో ద్రావణం నీలంగా మారుతుంది. వగరెంత ఉంటే నీలం అంత చిక్కన. నాళికలన్నీ చిక్కగా, మిలమిలలాడుతూ వచ్చాయి. గీత గీసి చూస్తే లేత దశ, పువ్వు దశ, దాని పైన ఈ దశ, నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి కుదిరాయి. పీచు పెరిగింది, చక్కెర తగ్గింది. పుస్తకాలు ఏం చెప్పాయో అదే. గైడు చూస్తే భుజం తడతారు. ఈ ఒక్క పేజీ చేరిస్తే థీసిస్ అయిపోయినట్టే.

జ్ఞానేశ్వరి ఆ కాగితం పట్టుకుని ల్యాబంతా తిరిగింది. ఆ నీలంలో చెట్టు పని ఎంత, ఆ రాత్రి పని ఎంత, పందిట్లో ఎండ పని ఎంత? ఎవరూ చెప్పలేరు, తాను కూడా. నాళిక అబద్ధం చెప్పలేదు. తాను అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది. నిన్న పెళ్ళి గుమ్మంలో ఒక అబద్ధం ఆడింది, దానికి ఆవిడకి రవ్వంత సిగ్గు లేదు. ఇది అలాంటిది కాదు. రాసెయ్, రాసెయ్ అని ఒక కాలూ, వద్దని ఇంకో కాలూ లాగుతుంటే కిటికీ దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. నాన్నగారు బతికి ఉంటే ఏమనేవారు? పూర్తి చెయ్యమనే అనేవారు. కానీ ఆ లెక్కల మాస్టారు, జవాబు చూసి మధ్య మెట్లు కల్పించే పిల్లల్ని బల్ల ఎక్కించి నిలబెట్టేవారు. అది గుర్తొచ్చాక ఇక నడవాల్సిన పని లేకపోయింది. నాళికలన్నీ సింకులో వంచేసింది.

గైడు మండిపడ్డారు. ఆవిడ తరపున ఇంకెక్కడా మాట్లాడనన్నారు. అన్నట్టే మాట్లాడలేదు. "మళ్ళీ వదిలేశావా?" అన్నాడు విశ్వేశ్వర్, దెప్పడానికి కాదు, నిజంగా బాధపడే. "వదల్లేదు. ఎదురుచూస్తున్నాను" అంది. ఆ మాట తన నోట కొత్తగా వినిపించింది. వదిలేయడం ఆవిడకి బాగా తెలుసు. ఎదురుచూడటం ఇప్పటిదాకా ఎప్పుడూ చేయలేదు. అది ఎంత కష్టమో తర్వాత తెలిసింది. గైడు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది. తనకంటే చిన్నవాళ్ళ గదుల ముందు నిలబడితే, చివరికి ఒకరు ఒప్పుకున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టక విశ్వేశ్వర్ నిద్ర కూడా చెడగొట్టింది.

వానలు పడ్డాక మళ్ళీ లంకకి వెళ్ళింది. నరికిన మొదళ్ళ పక్కన పిలకలు మనిషెత్తు లేచాయి. వచ్చే మాఘానికి వీటికి గెలలు ముదురుతాయి. అంతదాకా ఆగాలి. ఆవిడ సంచీలోంచి నీలం రిబ్బన్లు తీసింది. ఈసారి రంగు బాగా ఆలోచించే కొంది.

రావమ్మ గట్టు మీద నుంచి వచ్చింది, చేతిలో ఏదో మూట.

"రత్తయ్య గారు లేరా?" అంది జ్ఞానేశ్వరి.

"ఉన్నాడు. మీరొస్తున్నారని తెలిసి అటు చివరికి పోయాడు. మీకు మొహం చూపించలేట్ట."

జ్ఞానేశ్వరి చేతులు ఆగిపోయాయి.

"మొదటి ముద్ద పెట్టుకున్నప్పుడే మీ మొహం చూశానమ్మా" అంది రావమ్మ. "మేమేదో చెయ్యకూడని పని చేశామని అప్పుడే అనుకున్నా. పిల్ల మొదటిసారి పుట్టింటికొచ్చినప్పుడు నిలదీస్తే అంతా చెప్పి ఏడ్చింది. మీ చదువంతా కొట్టుకెళ్ళి మా గుమ్మానికి కట్టుకున్నామని. అప్పట్నుంచీ మా ఆయన పగటిపూట ఈ మొదళ్ళ వైపే రాడు. ఈ పిలకలకి నీళ్ళు మాత్రం ఇంకెవర్నీ పెట్టనివ్వడు, చీకటితో వచ్చి తనే పెట్టుకుపోతాడు."

మూట విప్పింది. పాత నల్లగొడుగు గుడ్డ, పేలికలుగా చింపి ఉంది.

"ఆ నీలం వద్దమ్మా. రేపు ఎవరింట్లోనో రిసెప్షనంటే నీలం కట్టినవైనా పట్టుకుపోతారు. ఇది కట్టండి. నల్లగుడ్డ కడితే దిష్టికని అనుకుంటారు. ఈ లంకలో చెయ్యేసేవాడు పుట్టలేదు."

జ్ఞానేశ్వరి ఒక పేలిక తీసుకుని మొదటి పిలకకి కట్టబోయింది. పిలక ఊగి ముడి జారిపోయింది. రావమ్మ పక్కకి వచ్చి పిలకని రెండు చేతులా కదలకుండా పట్టుకుంది. ముడి పడింది. తోట చివర ఆకుల మధ్య తెల్ల పంచె కనిపించింది, మళ్ళీ చాటుకి పోయింది.

"రత్తయ్య గారూ, ఎత్తుగా ఉన్నవాటికి నాకు అందట్లేదు. రండి" అని జ్ఞానేశ్వరి గట్టిగా కేకేసింది. కేకేసి, ఆయన వచ్చేదాకా గట్టు మీద కూర్చుంది.